పీర్లను ఎత్తనన్న పరుపుల తాతగారు

మొన్న మంగళవారం పొద్దున్న బడిలో పిల్లల చేత ఇసకలో గుణింతాలు దిద్దిస్తూ ఉన్నాను. కాలవ రేవు పడవతను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. తడిసిన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "పంతులుగారండీ, పరుపుల తాతగారు పోయేరండి, తెల్లారగట్ల" అన్నాడు.

పిల్లల్ని ఇళ్ళకి పంపేసి అరుగు మీద కూలబడ్డాను. ముసురు పట్టి ఉంది. ఏడుపు రాలేదు. ఆయనతో చెప్పవలసిన మాట ఒకటి ఇన్నేళ్ళూ గొంతులో పెట్టుకుని తిరిగాను. ఇక అది చెప్పుకునే చోటు లేదు. చదివేవాళ్ళు నన్ను ఏమనుకున్నా సరే, ఆయనేం చేశారో, నేనేం చేశానో రెండూ రాసి పెడతాను.

అమలాపురంలో ఆయన్ని ఎరగని ఇల్లు లేదు. దూది ఏకడం వాళ్ళ కులవృత్తి. భుజాన పెద్ద విల్లు వేసుకుని వీధి వీధీ తిరిగేవారు. అరుగు మీద గోనె పరుచుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కొయ్య గుండుతో ఆ విల్లు నారి మీద కొడుతుంటే టంయ్ టంయ్‌మని మోత నాలుగిళ్ళ అవతలికి వినబడేది. గట్టిపడిన పాత పరుపుల దూది పొంగి పాలనురగలా లేచేది. ముప్పై ఏళ్ళు దాటకుండానే గడ్డం నెరవడంతో ఊరు ఊరంతా ఆయన్ని అప్పుడే తాతని చేసేసింది. "నెరవలేదండి, దూది అంటుకుంది. దులుపుకోడానికి తీరిక లేదు" అని నవ్వేవారు.

ఏ ఇంట పని మొదలుపెట్టినా ముందు మంచినీళ్ళు అడిగేవారు. ఆడవాళ్ళు చెంబుతో పైనించి పోస్తే దోసిట పట్టి తాగి, తడి చేతులు కళ్ళకి అద్దుకుని, "చల్లగా ఉండండమ్మా" అనేవారు. కాన్పు అయిన ఇంటికి ఎవరూ పిలవకుండానే వచ్చి, పసిగుడ్డు తల కిందకి చిన్న ఆవాల దిండు కుట్టి ఇచ్చి వెళ్ళేవారు. మా అమ్మాయి పుట్టినప్పుడూ అలాగే వచ్చారు. అది గత్తర ఏడు. నేను చెప్పబోయేది ఆ ఏటి సంగతే.

అంతకన్నా ముందు ఇంకో మాట చెప్పాలి. ఊళ్ళో పీర్ల చావిడికి ఆయనే ముజావరు. వెండి చేతుల్లాంటి పీర్లు పెట్టెలో భద్రంగా ఉండేవి. పండగ రాగానే ఆయన వాటిని తీసి, చింతపండుతో తోమి, గంధం పూసి, పచ్చ గుడ్డలు కట్టి, గెడలకెక్కించి నిలబెట్టేవారు. పదో రోజున ఊరేగించి కాలవలో స్నానం చేయించేవారు. పేరుకి తురకల పండగే గాని, మొక్కుకునేవాళ్ళలో ముప్పాతిక మంది మావాళ్ళే. కడవలతో నీళ్ళు తెచ్చి పీర్లెత్తినవాళ్ళ కాళ్ళ మీద పోసేవారు, బెల్లం పానకం పంచేవారు, పిల్లలకి జబ్బు చేస్తే పీరు కింద నించి దాటించేవారు. ఎవరైనా కొత్తకోడలు "మేం రావచ్చాండీ?" అని బెరుగ్గా అడిగితే, "మొక్కు మీదేనామ్మా? అయితే ఇంకేం, లోపలికి రండి" అనేవారు.

ఆ ఏడు గోదావరికి పెద్ద వరద వచ్చింది. కాలవ అవతలి దిగువపేట మోకాటి లోతు నీళ్ళలో నాలుగు రోజులు ఉంది. వరద తీశాక పేటవాళ్ళు తాగే చెరువు బురదా కుళ్ళూ కలిసి నల్లగా అయిపోయింది. ఆ పేటలో ఉన్నవాళ్ళు ఊరు అంటరానివాళ్ళని దూరం పెట్టిన పొలం కూలీలు. వాళ్ళలో పది పన్నెండు కుటుంబాలు అంతకు రెండేళ్ళ ముందు కొత్త మతంలో కలిసి, ఒక తాటాకు పాకలో ప్రార్థన చేసుకుంటున్నారు. వాళ్ళ మనిషే ఒకాయన కాస్త చదువు నేర్చుకుని, వాళ్ళకి వాక్యం చదివి చెప్పేవాడు. ఉపదేశిగారు అనేవారు ఆయన్ని.

వరద వెనకాలే గత్తర, అదే కలరా, వచ్చింది. పొద్దున్న పలకరించిన మనిషి సాయంత్రానికి లేడు. వాంతులు, విరేచనాలు, కాళ్ళు కొంకర్లు పోవడం, కళ్ళు గుంటలు పడడం, అంతే. మా వీధిలోనే ఒక ఇంట తండ్రినీ కొడుకునీ ఒక్కరోజే మోశారు. మోసేవాళ్ళు దొరక్క బళ్ళ మీద వేసుకుపోయేవారు. అమ్మవారికి జాతర చేశారు. గత్తర తగ్గలేదు. తగ్గకపోయేసరికి ఎవరో ఒకరి మీద నెపం పడాలి కదా. జాతరకి పేటలో కొత్త మతంవాళ్ళు మేకపోతు చందా ఇవ్వలేదు, డప్పు పట్టుకోలేదు. అమ్మవారికి కోపం అందుకే వచ్చిందన్నారు. పైగా మొదటి చావులు పేటలోనే అయ్యాయన్నారు.

మునసబుగారి చావిట్లో పెద్దలు కూడారు. పేటవాళ్ళెవరూ కాలవ గట్టు ఎక్కకూడదు, ఊళ్ళోకి రాకూడదు అని కట్టుబాటు చేశారు. అది కాగితం మీద పెట్టాలన్నారు. చావిట్లో ఉన్నవాళ్ళలో దస్తూరీ బాగున్నవాణ్ణి నేను.

నేనే రాశాను. ఇంట్లో పదిహేను రోజుల పసిపాప, పచ్చి బాలింత. ఎవరు ఎంత దూరంగా ఉంటే అంత మంచిదనిపించింది. ఆ సాయంత్రమే గట్టుకీ పేటకీ మధ్యనున్న దారికి అడ్డంగా మనిషెత్తు ముళ్ళకంప వేసి, ఇద్దర్ని కర్రలతో కాపలా పెట్టారు.

మర్నాడు తాతగారు మా అరుగు దగ్గరికి వచ్చారు. భుజాన విల్లు లేదు.

"పంతులుగారండీ, ఆ కాగితం తవరే రాసేరటగా?"

"ఆయ్" అన్నాను.

"నాకు చదువు రాదు కదండీ. ఏం రాసేరో ఓసారి చెబుదురూ."

కంఠతా వచ్చేసింది నాకు. చెప్పాను. ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నారు.

"నీళ్ళ మాట ఎక్కడా లేదేంటండి అందులో?"

"నీళ్ళ సంగతి ఎందుకుంటుంది తాతగారూ? గట్టెక్కద్దని మాత్రమే."

"గట్టెక్కకపోతే నీళ్ళెక్కడివండి వాళ్ళకి? చెరువు చూసేరా తవరు? నే చూసేనండి. గేదె మూతి పెట్టదు."

"రాయమన్నారు, రాశాను. నేను రాసేవాణ్ణే కదా" అన్నాను.

"మరేనండి. నేను దూది ఏకేవాణ్ణే" అని ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే నాకు కొంత సుళువుగా ఉండేది.

ఆ మధ్యాహ్నమే ఆయన కావడికి రెండు కుండలు కట్టుకుని కాలవలో నీళ్ళు ముంచి పేట దారి పట్టారు. కంప దగ్గర కాపలావాళ్ళు ఆపారు. ఆయన ఆగలేదు. కర్రతో కొట్టి రెండు కుండలూ పగలగొట్టారు. మళ్ళీ రెండు తెచ్చారు, అవీ పగిలాయి. మూడోసారి ఆయన్నే తోసేస్తే కంప మీద పడ్డారు. కంప అవతల, వట్టి ముంతలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు అది చూస్తూనే ఉన్నారట. మర్నాడు దారిలో కనబడితే ఆయన మోచేతి దాకా గీరుకుపోయి ఉంది. నేను పక్క సందులోకి తిరిగిపోయాను.

రెండు రోజులకి పీర్లను పెట్టెలోంచి తీయవలసిన రోజు వచ్చింది. ఊళ్ళో మిగిలిన ఆశ అదొక్కటే. అమ్మవారు కరుణించలేదు, పీర్లయినా కాపాడతాయని ఇంటింటా మొక్కుకుని ఉన్నారు. మా ఆవిడ కూడా పసిదాన్ని దాటిస్తానని మొక్కుకుంది. పొద్దుటికే చావిడి ముందు జనం నిండిపోయారు. తలుపుకి తాళం వేసి ఉంది. గడపకి అడ్డంగా తాతగారు కూర్చున్నారు, పక్కన ఆయన భార్య. మేం మామ్మగారని పిలిచేవాళ్ళం ఆవిణ్ణి.

"ఈ ఏడు పీర్లు లేవవండి" అన్నారాయన.

జనం గొల్లుమన్నారు. మునసబుగారు ముందుకొచ్చారు. "ఏంటయ్యా ఇది? పీర్లు నీ అబ్బ సొత్తా?"

"కాదండి బాబూ. నా సొత్తయితే తవరడగ్గానే ఇచ్చేద్దునండి."

"మరి తాళం తీ!"

తాతగారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. ఆ రోజూ కాలేదు. జనమే సద్దుమణిగారు.

"ఈ పీర్లు ఎవరి పేరు మీద ఎత్తుతామో తవరందరికీ తెల్సండి. ప్రతి ఏడూ పాట కట్టి పాడుతున్నాం. ప్రవక్తగారి మనవణ్ణీ, పిల్లల్నీ, పసిగుడ్డునీ ఏటి పక్కనే నిలబెట్టి, ఏటికి కాపలా పెట్టి, గుక్కెడు నీళ్ళు పొయ్యకుండా చంపేసేరండి. ఆ దాహం తలుచుకుని ఏడవడానికే కదండీ ఈ పండగ. ఇప్పుడు మన కాలవ మీద మనమే కాపలా పెట్టేం. ఇక పీరునెత్తుకుని ఎవరి కోసం ఏడవమంటారండి నన్ను?"

ఆయన మతస్తుల్లోనే ఒక పెద్ద ఆయనకేసి తిరిగి, "పండగ ఆపే హక్కు నీకెవరిచ్చేరు?" అన్నాడు. "ఎవరూ ఇవ్వలేదండి. కంప తియ్యండి, ఈ నిమిషంలో తాళం తీస్తాను" అన్నారు తాతగారు.

కంప తీయలేదు. ఆయన తాళం తీయలేదు.

ఆ తరవాత నాలుగు రోజులు ఆయన ఆ గడప మీదే ఉన్నారు. ఊళ్ళో ఎవరింట చావు జరిగినా, ఏడుస్తూ ఏడుస్తూ చావిడి ముందుకొచ్చి ఆయన్ని తిట్టిపోసేవారు. "నీ మూలంగానే నా బిడ్డ పోయేడు" అని ఒకావిడ గుప్పెళ్ళతో దుమ్మెత్తి ఆయన మొహాన కొట్టింది. ఆయన తుడుచుకోలేదు. "అవునమ్మా, నన్నే తిట్టండి" అంటూ కూర్చున్నారు. తాళం పగలగొడతామని కుర్రకారు గునపాలతో వచ్చారు గాని, ముజావరు చెయ్యి పడకుండా పీరుని ముట్టుకోవడానికి ఎవరికీ గుండె చాలలేదు. ఆయనా భయపడే ఉన్నారని నాకిప్పుడు తెలుసు. చేతులు మోకాళ్ళ మధ్య బిగించుకుని కూర్చునేవారు.

మూడో రోజున మామ్మగారికి వాంతులు మొదలయ్యాయి. ఇంటికి తీసుకుపోతానంటే రానందట. గడప మీదే పడుకుంది. ఆయన నీళ్ళు తాగిస్తుంటే, మా ఆవిడా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చూస్తుండగానే, "నాకు పోసేవాళ్ళు ఉన్నారండి, నా గురించి తాళం మాత్రం తియ్యకండి" అంది. నాలుగో రోజు మధ్యాహ్నం కన్ను మూసింది.

పీర్లకి కోపం వచ్చిందన్నారు కొందరు. ఆయన ఆవిణ్ణి మట్టి చేసి, చేతుల మన్నైనా కడుక్కోకుండా తిన్నగా వచ్చి మళ్ళీ ఆ గడప మీదే కూర్చున్నారు.

మా ఆవిడ చావిడి నించి ఇంటికొచ్చి పసిదాన్ని చంకనేసుకుంది. నీళ్ళ బిందె ఎత్తుకుంది. ఎక్కడికన్నాను.

"కంప దగ్గరికండి."

"పచ్చి బాలింతవి, పిచ్చెక్కిందా?"

"మీరు రాసేరు కదా" అంది. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆ ముందూ ఆ తరవాతా కూడా అనలేదు.

ఆవిడ వెనకాల నేను నడిచాను. ముందు నడిచానని చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. నిజం మాత్రం అది కాదు. కంప దగ్గర ఆవిడ బిందె దింపి, "దారివ్వండి బాబూ" అంది. కాపలావాళ్ళు బాలింతని ముట్టుకోలేక వెనక్కి జరిగారు. నేను వట్టి చేతులతో తుమ్మకంప పట్టి లాగాను. చేతులు చీరుకుపోయాయి. కాసేపటికి నా పక్కన ఇంకో రెండు చేతులు కనబడ్డాయి, ఇంకా కొన్ని. మొక్కుకున్న ఆడవాళ్ళు కడవలతో వచ్చారు. తాతగారి మొహాన దుమ్ము కొట్టినావిడ కూడా వచ్చింది. మునసబుగారు తన అరుగు మీద నించి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

పేటలో అడుగుపెట్టేసరికి ప్రార్థన పాక ముందు ఉపదేశిగారు నిలబడి ఉన్నాడు. పెదాలు పగిలి నెత్తురు కట్టాయి. పాకలో చాప కింద రెండు చిన్న ఆకారాలు. ఆయన పిల్లలే. మా ఆవిడ బిందె దింపింది. ఆయన మమ్మల్ని చూసి చేతులు జోడించాడు.

"వచ్చేరాండీ" అన్నాడు. తరవాత చాపకేసి చూసి, "నిన్న వస్తే బాగుండునండి" అన్నాడు.

తిట్టి ఉంటే పడి ఉండేవాణ్ణి. అంత మర్యాదగా అన్నాడు ఆ మాట.

తాతగారు తాళం తీశారు. పండగలో మిగిలినవి కొద్ది రోజులే. పదో రోజున పీర్లు లేచాయి. పెద్ద పీరు ఆయనే ఎత్తారు. ఏటా వెళ్ళే బజారు దారిన కాక, కంప తీసిన దారిన తిన్నగా పేటలోకి నడిపించారు. పాక ముందు కొత్త మతంవాళ్ళు వాళ్ళ పాట వాళ్ళు పాడుకుంటున్నారు. పీర్ల పాట ఆగలేదు, వాళ్ళ పాటా ఆగలేదు. ఉపదేశిగారు పీరుకి దణ్ణం పెట్టలేదు, అది వాళ్ళ మతానికి పడదు. ఒక ముంతతో నీళ్ళు తెచ్చి తాతగారికి అందించాడు. ఆయన ఒంటి చేత్తో పీరు పట్టుకుని, రెండో చేత్తో ముంత అందుకుని, నోటికి కరిపించుకుని గటగటా తాగేశారు. ఊళ్ళో జనం అది చూశారు. ఆ తరవాత కొన్ని ఇళ్ళవాళ్ళు ఆయన్ని పరుపులు కుట్టడానికి పిలవలేదు.

గత్తర ఆ రోజుతో ఆగిందని కథ చెప్పేవాళ్ళున్నారు. ఆగలేదు. చలి ముదిరేదాకా మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది. ఇంతా చేసి ఆయనకి దక్కింది ఇదీ. మామ్మగారు పోయారు. మునుపు పనికి వెళ్ళినన్ని ఇళ్ళు ఇక లేవు. మూడేళ్ళకి పెద్దలు పీర్ల ఊరేగింపు మళ్ళీ బజారు దారికే మార్చేశారు. ఆయన తగువు పడలేదు. పదో రోజు ఊరేగింపు అయిపోయాక ఒక్కరే, వట్టి చేతులతో, పేటదాకా నడిచి వెళ్ళి, ఉపదేశిగారి అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేవారు. వాళ్ళేం మాట్లాడుకునేవారని ఒకసారి అడిగాను. "ఏవుందండీ, వానల గురించి" అన్నారు.

ఈ రెండేళ్ళుగా దగ్గు ఆయన్ని తినేసింది. జీవితమంతా పీల్చిన దూదే అన్నారు వైద్యులు. పది రోజుల క్రితం చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద ఆయన ఎంత చిన్నగా ఉన్నారంటే, దుప్పటి కింద మనిషున్నాడా అనిపించింది. ఇవాళ చెప్పేయాలి అనుకున్నాను.

"తాతగారూ, ఆ కాగితం..." అన్నాను.

"ఏ కాగితం అండీ?" అన్నారు.

నిజంగా మరిచారో, నన్ను కాచారో తెలీదు. ఆయన కళ్ళు మూసుకున్నారు. రాజోలు నించి వచ్చిన కూతురు, "అలిసిపోయేరండి" అంది. లేచి వచ్చేశాను. అదే ఆఖరు.

ఖననానికి ఊరంతా వస్తుందనుకున్నాను. వాన కదా, ఊళ్ళోవాళ్ళు పలచగానే వచ్చారు. ఆయన కులంవాళ్ళు, బజారులో నలుగురు, నేను. మునసబుగారింటి నించి ఎవరూ రాలేదు. గొయ్యి తవ్వుతుంటే నీళ్ళు ఊరుతున్నాయి. తోడేస్తుంటే మళ్ళీ ఊరుతున్నాయి. తవ్వేవాళ్ళు విసుక్కున్నారు. అలాంటప్పుడు పేట దారిన పాతిక ముప్పైమంది తాటాకు గొడుగులు వేసుకుని రావడం కనబడింది. ముందర ఉపదేశిగారు, ముసలాడైపోయాడు. ఖబరస్తాను కంచె దగ్గర ఆగిపోయారు. తాతగారి కూతురు చూసి, "రండి బాబాయిగారూ" అంది.

వాళ్ళు లోపలికి వచ్చారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే తమ తలల మీద గొడుగులు తీసి, గొయ్యి చుట్టూ నిలబడి, అంచుకి అంచు ఆనించి పైన పట్టుకున్నారు. గొయ్యిలోకి వాన పడడం ఆగింది. ఆ నీడలో ఆయన్ని దింపారు. మన్ను పూడ్చేదాకా వాళ్ళు చేతులు దించలేదు. వానంతా వాళ్ళ వీపుల మీదే కురిసింది.

నేను ఉపదేశిగారి పక్కకి వెళ్ళి నిలబడ్డాను. చెప్పవలసిన మాట ఆయనతోనైనా చెప్పాలనుకున్నాను. ఆయన చేతులు పైకెత్తి ఉన్నాయి, మొహం మీద నీళ్ళు కారుతున్నాయి. నా దగ్గర గొడుగు లేదు. చేతులెత్తి ఆయన గొడుగు అంచు ఒక పక్క పట్టుకున్నాను. ఆయన ఒకసారి నా వైపు చూశాడు. ఆకు మీద వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.